మెదడుకు గాదె లేదు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను విద్యుత్ రంగంలో వచ్చిన మార్పుల గురించి మాట్లాడమన్నారు. ముప్పై ఏళ్ళుగా సబ్‌స్టేషన్ల మధ్యే బతికినవాణ్ణి కాబట్టి ఆ విషయం మీద గంటసేపు మాట్లాడగలను. మీరు కూడా గంటసేపు హాయిగా నిద్రపోగలరు. అందుకని ఆయన అనుమతి తీసుకుని విషయం మార్చుకున్నాను. ఈ రోజు నేను పదో తరగతి జీవశాస్త్రం గురించి మాట్లాడతాను.

నా బ్యాచి వాళ్ళు నవ్వుతున్నారు. వాళ్ళ నవ్వుకు కారణం ఉంది. మాది 1986 పదో తరగతి. లెక్కల్లో నాకు మంచి మార్కులు వచ్చేవి. జీవశాస్త్రం మాత్రం పరీక్ష కోసం బట్టీ పట్టి, పరీక్ష అయిన సాయంత్రమే మర్చిపోయేవాణ్ణి. ఇంటర్లో ఎంపీసీ తీసుకున్నాక బైపీసీ వాళ్ళని 'కప్పల బ్యాచి' అని ఎగతాళి చేసినవాళ్ళలో నేనే ముందుండేవాణ్ణి. ఇక జన్మలో ఆ పుస్తకం తెరవక్కర్లేదని సంతోషపడ్డాను. ఆ సంతోషం ఎంత తప్పో నాలుగేళ్ళ కింద తిరుమల మెట్ల దారిలో తెలిసింది. ఆ సంగతి చెప్పే ముందు మన సైన్సు సారు క్లాసులోకి ఒకసారి వెళ్ళొద్దాం. సారు ముందు వరసలోనే కూర్చున్నారు. తప్పులుంటే అక్కడి నుంచే సరిదిద్దుతారు.

మన బడిలో ఉన్నది ఒకే ఒక సూక్ష్మదర్శిని. దాన్ని సారు చంటిబిడ్డను ఎత్తుకొచ్చినట్టు రెండు చేతులతో పట్టుకొచ్చేవారు. ఉల్లిపాయ పొర తీసి, అయోడిన్ చుక్క వేసి, వరసలో నిలబెట్టి ఒక్కొక్కరికీ చూపించేవారు. ఇటుకలు పేర్చినట్టుండే ఆ గళ్ళు చూసి, "ఏమి కనపడిందిరా?" అని సారు అడిగితే, "గోడ సార్" అన్నాను. "గోడ కాదురా అబ్బోడా, ఊరు. ఒక్కో గడీ ఒక్కో ఇల్లు. ప్రతి ఇంట్లోనూ పొయ్యి ఉంటుంది" అన్నారు. ఆ పొయ్యి పేరు మైటోకాండ్రియా అని తర్వాత చెప్పారు.

ఇంకో రోజు పాన్‌షాపు నుంచి సున్నం తెప్పించి, రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, పైన తేరిన తేట వంచి తెచ్చారు. అందులోకి గొట్టంతో గాలి ఊదమన్నారు. తేట పాలలాగా తెల్లబడింది. మనం వదిలే గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఉందనడానికి అదే సాక్ష్యం. తర్వాత మమ్మల్ని గ్రౌండు చుట్టూ మూడు రౌండ్లు పరిగెత్తించి, రొప్పుతూ వచ్చినవాళ్ళతో మళ్ళీ ఊదించారు. ఈసారి ఇంకా తొందరగా తెల్లబడింది. "ఊపిరి తీసుకోవడం వేరు, శ్వాసక్రియ వేరు. ఊపిరి ముక్కుతో, రొమ్ముతో జరిగే పని. శ్వాసక్రియ ప్రతి కణంలోనూ జరిగే వంట" అన్నారు. ఈ తేడా రాయమని ఆ ఏడు పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న వచ్చింది. నాకు రెండూ పడ్డాయి.

ఆ వంట సంగతి ఇంజనీరు భాషలో కొంచెం చెబుతాను. మధ్యాహ్నం మనం రాగి సంగటి, చెనక్కాయల ఊరుబిండి తిన్నామనుకోండి. సంగటిలోని పిండిపదార్థం పేగుల్లో విడిపోయి గ్లూకోజుగా రక్తంలోకి చేరుతుంది. కణం ఆ గ్లూకోజును తీసుకుని, ఆక్సిజన్‌తో మెల్లగా, అంచెలంచెలుగా దహించి, వచ్చిన శక్తిని ఏటీపీ అనే అణువుల్లో నింపుతుంది. కండరం ముడుచుకోవాలన్నా, నరంలో కబురు పారాలన్నా ఖర్చయ్యేది ఏటీపీయే. ఒక గ్లూకోజు అణువుకు 38 ఏటీపీలు అని రాసి మనం మార్కులు తెచ్చుకున్నాం. ఇప్పటి లెక్క ప్రకారం 30 నుంచి 32 వరకే వస్తాయి. ఆక్సిజన్ అందకపోతే వచ్చేవి రెండే. ఏ క్షణాన చూసినా మన ఒంట్లో ఉండే ఏటీపీ కొన్ని పదుల గ్రాములే. కానీ దాన్నే ఖర్చుపెట్టి, మళ్ళీ నింపి, మళ్ళీ ఖర్చుపెట్టి, రోజు మొత్తం మీద దాదాపు మన బరువంత ఏటీపీని ఒళ్ళు తిప్పుతుంది. నిలవ తక్కువ, తిరుగుడు ఎక్కువ. మా కరెంటు కూడా అంతే. పుట్టిన క్షణంలోనే వాడకం అయిపోతుంది.

ఈ ఏటీపీ వెనక మన తెలుగాయన ఒకరున్నారని సారు ఆ రోజే చెప్పారు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు ఎంబీబీఎస్ దక్కక, తక్కువ స్థాయి ఎల్‌ఎంఎస్‌తో సరిపెట్టుకున్నారు. తర్వాత అమెరికా వెళ్ళి, హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేశారు. పరుగు మొదలుపెట్టిన తొలి కొన్ని క్షణాలు కండరాన్ని నడిపించే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో, ఏటీపీని 1929లో కండరంలో గుర్తించారు. అదే 1929లో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని కనుక్కున్నారు. "మూడోసారికి గట్టెక్కినాయన పేరు ప్రపంచం చదువుతా ఉంది. మీరు ఒకసారి తప్పితే బావిలో దూకాల్సిన పనిలేదు" అని సారు చెప్పిన మాట, ఆ ఏడు లెక్కల్లో తప్పిన మా బ్యాచి మిత్రుడికి ఎంత పనికొచ్చిందో వాడే చెప్పాలి. వాడిప్పుడు మనకంటే బాగున్నాడు.

ఇక అసలు పాఠానికి వస్తాను. కండరానికీ మెదడుకూ తేడా ఏమిటని సారు అడిగారు. ఎవరం చెప్పలేకపోయాం. సారు బోర్డు మీద ఒక కాలు, ఒక తల గీశారు.

"కాలు రైతు లాంటిది. దానికి గాదె ఉంది. గ్లైకోజెన్ రూపంలో గ్లూకోజు దాచుకుంటుంది. గాదె తగ్గితే కొవ్వు కూడా కాల్చుకుంటుంది. ఆక్సిజన్ చాలకపోతే కాసేపు అప్పు మీద నడుస్తుంది, లాక్టిక్ ఆమ్లం మిగుల్తుంది, తర్వాత రొప్పి అప్పు తీర్చుకుంటుంది. మెదడుది రోజుకూలీ బతుకు. దానికి గాదె లేదు, అప్పు పుట్టదు. రక్తం ఏ పూటకాపూట తెచ్చిస్తేనే తింటుంది. రక్తం రాకపోయినా, రక్తంలో గ్లూకోజు లేకపోయినా అది పస్తే."

ఇది కూడా రాసుకున్నాను. దీనికీ మార్కులు వచ్చాయి. తర్వాత మర్చిపోయాను.

ఇప్పుడు మెట్ల దారికి వస్తాను. అప్పుడు మా అమ్మకు 74 ఏళ్ళు. పద్దెనిమిదేళ్ళుగా షుగర్ ఉంది. అప్పటికి మూడేళ్ళ నుంచీ ఇన్సులిన్ వాడుతోంది. మనవరాలికి సీటు వస్తే మెట్లెక్కి వస్తానని మొక్కుకుంది. సీటు వచ్చింది. వద్దని అందరం చెప్పాం. "మీ జేజి ఎనభై ఏండ్లప్పుడు ఎక్కింది. నేను ఎక్కలేనా? గమ్మునుండండి" అనింది. అలిపిరి దారిలో 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్లు. మార్గశిరం చలిలో తెల్లారుజామున బయల్దేరాం. దర్శనం అయ్యేదాకా ఏమీ తినకూడదని అమ్మ నియమం పెట్టుకుంది. కానీ రోజూ వేసుకునే సూది అలవాటు ప్రకారం వేసేసుకుంది. నేను అడగలేదు. సబ్‌స్టేషన్లో ఒక బ్రేకర్ వేసే ముందు పది సంగతులు సరిచూసుకునే మనిషిని, కన్నతల్లి విషయంలో 'అమ్మా, సూది వేసుకున్నావా, ఏమన్నా తిన్నావా' అనే రెండు మాటలు అడగలేదు.

తలయేరుగుండు దాటి గాలిగోపురం దాకా నిటారు ఎక్కుడు. మెట్టుమెట్టుకూ పసుపు కుంకుమ పెడుతూ అమ్మ బాగానే ఎక్కింది. రొప్పింది, కూర్చుంది, లేచింది. గాలిగోపురం దాటాక దారి చాలావరకు సమతలం. ఇక భయం లేదనుకున్నాను. ఏడో మైలు ఆంజనేయస్వామి విగ్రహం దాటాక అమ్మ దారి పక్కన కూలబడింది. రొప్పడం లేదు. లేవమంటే లేవదు. నన్ను మా చిన్నాన్న పేరుతో పిలిచి, ఎప్పుడో తెగిపోయిన పొలం తగాదా గురించి తిట్టడం మొదలుపెట్టింది. కుంకుమ పొట్లం విప్పి తన చీర కొంగుకు పూసుకుంటోంది. నాకు కోపం వచ్చింది. "ఏందమ్మా ఇది, నలుగురిలో! వద్దంటే వినకపోతివి" అని గట్టిగానే అన్నాను. ఆ మాట ఈ రోజుకీ నన్ను పొడుస్తుంది.

పక్కనే టీ అంగడి పెట్టుకున్న ఆయమ్మ చూసి వచ్చింది. అమ్మ చెయ్యి పట్టుకుని చూసింది. "అన్నా, ఇంత చలిలో చెమట్లు పట్టుండాయి చూడు, చెయ్యి జిల్లుమంటా ఉంది. అమ్మకి షుగర్ ఉండాదా? సూది వేసుకునిందా? పొద్దున ఏమన్నా తినిందా?" మూడు ప్రశ్నలు వరసగా అడిగింది. మూడో ప్రశ్నకు నేను నోరు తెరిచేలోపే పరిగెత్తి, గ్లాసు నీళ్ళలో చక్కెర కలుపుకొచ్చి, "అమ్మా, మింగు, కొంచెం కొంచెంగా మింగు" అని పట్టించింది. పది పదిహేను నిమిషాలకు అమ్మ కళ్ళు తేటపడ్డాయి. కొంగు చూసుకుని, "ఇదేందిరా, కుంకుమంతా గుడ్డకయింది" అనింది. నన్ను నా పేరుతోనే పిలిచింది. నేను ఆ మెట్టు మీద కూర్చుని ఏడ్చాను.

ఆయమ్మకు డబ్బులివ్వబోతే తీసుకోలేదు. "మా అత్తకి ఇట్లే అయింది అన్నా. బడిలో చెప్పినారు కదా, మెదడుకి చక్కెర అందకపోతే మనిషి మనిషిగా ఉండడని. నేను పదో తరగతి దాకా చదివినా" అనింది. నేను ఇంజనీరింగ్ దాకా చదివాను. ఇద్దరం చదివింది ఒకటే పాఠం. ఆమెకు అది అవసరానికి గుర్తొచ్చింది.

ఆ రోజు అమ్మ ఒంట్లో ఏం జరిగిందో తర్వాత పుస్తకాలు తెచ్చుకుని చదివాను. చాలామంది ఇళ్ళల్లో షుగర్ ఉన్న పెద్దవాళ్ళున్నారు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

హార్మోన్లంటే వినాళ గ్రంథులు రక్తంలోకి వదిలే కబుర్లు. క్లోమంలోని లాంగర్‌హాన్స్ పుటికలు రెండు కబుర్లు పంపుతాయి. రక్తంలో గ్లూకోజు పెరిగితే ఇన్సులిన్. అది కండరాలకు, కొవ్వు కణాలకు తలుపులు తెరిచి 'లోపలికి తీసుకోండి' అంటుంది, కాలేయానికి 'దాచిపెట్టు' అని చెబుతుంది. గ్లూకోజు తగ్గితే గ్లూకగాన్. అది కాలేయానికి 'గాదె తీసి బయటికి పంపు' అని చెబుతుంది. మా రిలేల లాంటి ఏర్పాటే. మామూలు మనిషి తినకుండా మెట్లెక్కితే ఇన్సులిన్ తనంతట తానే తగ్గుతుంది, గ్లూకగాన్ పెరుగుతుంది, కాలేయం గ్లూకోజు వదులుతుంది, మెదడుకు కొరత రాదు.

బయటి నుంచి సూదితో వేసుకున్న ఇన్సులిన్‌కు ఈ సంగతి తెలియదు. అది వేసిన మోతాదు ప్రకారం పనిచేసుకుంటూ పోతుంది. పైగా పనిచేసే కండరం ఇన్సులిన్ సాయం లేకుండా కూడా గ్లూకోజు లాగేసుకుంటుంది. ఆ రోజు అమ్మ కాళ్ళు ఒకవైపు లాగాయి, ఇన్సులిన్ ఇంకోవైపు లాగింది, కాలేయం గాదె తలుపు తెరవకుండా అదే ఇన్సులిన్ అడ్డం పడింది, పొట్టలోకి కొత్తగా ఏమీ రాలేదు. నష్టం రోజుకూలీ మీద పడింది.

మనిషి మెదడు బరువు సుమారు 1.4 కిలోలు. ఒంటి బరువులో 2 శాతం. కానీ ఒళ్ళంతా వాడే శక్తిలో దాదాపు 20 శాతం దానికే పోతుంది. వాట్లలో చెప్పాలంటే సుమారు 20 వాట్లు, ఒక చిన్న బల్బు. ఆ బల్బు కిందే మన జ్ఞాపకాలు, బంధుత్వాలు, మర్యాదలు అన్నీ ఉన్నాయి. సరఫరా తగ్గగానే ముందు తడబడేది విచక్షణే. అందుకే మా అమ్మ కొడుకును గుర్తుపట్టలేదు. ఇక ఆ చల్లటి చెమట సంగతి. అపాయం వచ్చిందని ఒళ్ళు కొట్టే గంట అది. ఏళ్ళ తరబడి షుగర్ ఉన్నవాళ్ళలో ఒక్కోసారి ఆ గంట కూడా సరిగా మోగదు.

"మా అవ్వ జన్మంతా ఏకాదశి ఉపవాసాలున్నా ఏమీ కాలేదే" అని ఎవరైనా అడగొచ్చు. నేనూ అడిగాను. మామూలు మనిషి ఉపవాసముంటే కాలేయం ముందు తన గాదె ఖాళీ చేస్తుంది, తర్వాత కొత్తగా గ్లూకోజు తయారుచేస్తుంది, రోజులు గడిస్తే కొవ్వు నుంచి కీటోన్లు చేసి మెదడుకు పంపుతుంది. ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువున్నప్పుడు ఈ దారులన్నీ మూసుకుంటాయి. ఉపవాసం ఒక్కటే ఉంటే ఒళ్ళు సర్దుకుంటుంది. సూది వేసుకుని ఉపవాసముంటే సర్దుకోలేదు. షుగర్ మాత్రల్లో కొన్నింటితోనూ ఇదే ప్రమాదం. అలాగని డాక్టరును అడగకుండా ఎవరూ సూది మానకండి. మొక్కు ఉంటే, ఉపవాసం ఉంటే, దూరం నడవాల్సి ఉంటే ముందుగా డాక్టరుకు చెప్పి మోతాదు అడగండి. కొండకు నడిచే దారిలో వెళ్ళే షుగర్, బీపీ, గుండెజబ్బు ఉన్నవాళ్ళను టీటీడీ కూడా హెచ్చరిస్తూనే ఉంది.

ఇంకో నాలుగు మాటలు గుర్తుపెట్టుకోండి. రక్తంలో గ్లూకోజు 70కి తగ్గితే జాగ్రత్తపడాలి. 54 కంటే తగ్గితే అపాయం. మనిషి తెలివిలో ఉండి మింగగలిగితే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి ఇవ్వండి. చక్కెర లేకపోతే అంతే బెల్లం. పదిహేను నిమిషాలు చూసి, తేరుకోకపోతే మళ్ళీ ఇవ్వండి. తేరుకున్నాక అన్నమో ఇడ్లీయో పెట్టండి. తెలివి లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. మూతి వంకర పోయినా, ఒక చెయ్యి పడిపోయినా, మాట ముద్దగా వచ్చినా అది పక్షవాతం కావచ్చు. చాలావరకు రక్తం గడ్డ అడ్డుపడి మెదడుకు రక్తమే అందకపోవడం అది. గడ్డను కరిగించే మందు మామూలుగా నాలుగున్నర గంటలలోపే ఇస్తారు. పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు చచ్చిపోతాయని లెక్క. 'తెల్లారనీ చూద్దాం' అనేమాట ఆ రాత్రి మన ఇంట్లో వినపడకూడదు. పేరేదైనా కానీ, రెండింటికీ మూలం సారు బోర్డు మీద గీసిన ఆ బొమ్మే. మెదడుకు గాదె లేదు.

సంఘానికి నాదొక విన్నపం. స్వర్ణోత్సవం సందర్భంగా బడికి ఏం చేద్దామని ఇందాక చర్చ జరిగింది. కమాను కట్టిద్దాం, తప్పకుండా. దాంతోపాటు ఏడాదికి ఒక రోజు పెట్టుకుందాం. ఆ రోజు పదో తరగతి పిల్లలతో పాటు వాళ్ళ అమ్మానాన్నల్ని, అవ్వాతాతల్ని కూడా బడికి పిలుద్దాం. మన పూర్వ విద్యార్థుల్లో డాక్టర్లున్నారు, నర్సులున్నారు. నేను ఎగతాళి చేసిన కప్పల బ్యాచి అంతా ఉంది. వాళ్ళు రక్తపరీక్షలు చేస్తారు. పాఠం మాత్రం పిల్లలే వాళ్ళ పెద్దలకు చెప్పాలి. సున్నపుతేట పిల్లలే తేర్చాలి, ఉల్లిపొర పిల్లలే తీయాలి. 'మా జేజికి చెమట పడితే ఏం చేయాలి' అనే ప్రశ్నకు జవాబు ప్రతి పిల్లవాడి నోట్లో ఉండాలి. ఎంపీసీ తీసుకునే పిల్లలకు ఇది ఇంకా అవసరం. వాళ్ళకు ఆ పాఠం మళ్ళీ ఎవరూ చెప్పరు. సూక్ష్మదర్శినులు పది కొనడానికయ్యే ఖర్చు మా బ్యాచి పెట్టుకుంటుంది. వెనక వరస వాళ్ళు తలాడించారు, మీరంతా సాక్ష్యం.

సారూ, చివరగా మీతో ఒక మాట. 1986లో మీరు నాకు వేసిన ఆ మార్కులు నాకు చెందవు. నేను పాఠం రాశాను కానీ నేర్చుకోలేదు. ఆ మార్కులు ఏడో మైలు దగ్గర టీ అంగడి పెట్టుకున్న ఆయమ్మకు చెందుతాయి. ఆమె ఏ బడిలో చదివిందో నేను అడగలేదు. అక్కడా మీలాంటి సారే ఉండి ఉంటారు.

మా అమ్మకు ఇప్పుడు 78. బాగుంది. వచ్చేటప్పుడు, "మీ సైన్సు సారుని అడిగినానని చెప్పు" అనింది. చెప్పేశాను సార్.  ఇంటికెళ్ళాక మీ ఇంట్లో పెద్దవాళ్ళను ఆ రెండు మాటలూ అడగండి.